హాని అనే మాట

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. సర్వే ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆ కోపమంతా ఒక కాగితం మీదికి పోయింది. మూడు పేజీల ప్రశ్నావళి అది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో పనికొచ్చి ఉంటున్న గిరిజన కుటుంబాల్లో, కడుపుతో ఉండి బీడీయో చుట్టో తాగే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల మనసు ఎలా ఉందో కొలిచి రావాలి. కొలవడం అన్న మాట నాది కాదు, నన్ను పనిలో పెట్టుకున్నవాళ్లది. జ్వరాన్ని కొలిచినట్టు దిగులునీ కొలవచ్చని రెండు రోజుల శిక్షణలో చెప్పారు. నేను బుద్ధిగా రాసుకున్నాను.

మొదటి పేజీలో పొగ సంగతి. రోజుకి ఎన్ని తాగుతారు, నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటిది, ఇంట్లో ఇంకెవరికి అలవాటు. అది అయ్యాక బీడీ కట్ట మీది బొమ్మ చూపించి, 'పొగాకు మీకూ, కడుపులో బిడ్డకూ హాని చేస్తుంది' అన్న వాక్యం తప్పకుండా చదివి వినిపించాలి. మిగిలిన రెండు పేజీలు మనసు సంగతి. పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం ఒక హద్దు దాటినా, చివరి ప్రశ్నకి సున్నా తప్ప మరేది వచ్చినా, అక్కడికక్కడే మానసిక వైద్యుడికి ఫోన్ చేసి మాట్లాడించాలి. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టే చదవాలి. అర్థం కాకపోతే మళ్లీ చదవాలి. మూడోసారీ అర్థం కాకపోతే 'సమాధానం లేదు' అని రాసి ముందుకు పోవాలి. సొంత మాటలు కలపకూడదు.

ఆ ప్రశ్నల్ని తెలుగు చేసినవాళ్లు ఎవరోగాని, జన్మలో ఒక్కసారైనా కూరగాయల బండి దగ్గర బేరమాడి ఉండరు. మొదటి ఇంట్లోనే నా పరువు పోయింది. పటాన్‌చెరు శివార్లలో రెండు గదుల ఇల్లు. కడుపుతో ఉన్న కోడలు, పక్కన అత్త, గడపలో నా వెంట వచ్చిన ఆశా కార్యకర్త, అందరూ పిలిచేది ఆశా అక్క అని. ఆశా అక్కది ఇక్కడి ఊరే, ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో ఆమెకు నోటికి వచ్చు.

"గత వారం రోజులుగా మీరు ఎంత తరచుగా ఉల్లాసంగా ఉన్నారు?" అని చదివాను.

కోడలు అత్త వైపు చూసింది. అత్త నా వైపు చూసింది. "ఉల్లాసమంటే ఏంది బిడ్డా? ఉల్లిగడ్డనా? మంచిగనే తింటున్నది, రాస్కో."

మళ్లీ చదివాను. మూడోసారీ చదివాను. 'సమాధానం లేదు' అని రాసి రెండో ప్రశ్నకి వెళ్లాను. "మీరు కారణం లేకుండా ఆందోళనకు లోనవుతున్నారా?"

"ఆందోళనా? గా ఫ్యాక్టరీ గేటు కాడ అయ్యింది. టెంటు గిట్ల ఏసిండ్రు. మేం పోలే," అంది అత్త, మా మీద కేసేమైనా పెడతారా అన్నట్టు.

ఆశా అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు నవ్వూ, ఏడుపూ, కోపమూ ఒక్కసారే వచ్చాయి. బయటికొచ్చాక ఆమె అంది, "మేడం, గీ మాటలు నాకే సమజ్ గాలే. రంది ఉన్నదా అని అడగరాదు? రంది అంటే ఎవ్వలైనా చెప్తరు."

రంది, అంటే దిగులు. పుట్టినప్పటి నుంచీ చుట్టూ వింటున్న మాటే. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బీరంగూడ పక్కనున్న పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేశారు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే అయినా ఇంట్లో మాట మాత్రం అక్కడిదే. బడిలో ఆంధ్రా పిల్ల అని ఏడిపించారు, సెలవులకు ఊరెళ్తే తెలంగాణ పిల్ల అని ఏడిపించారు. రెండు వైపులా వెక్కిరింతలు తిన్నదాన్ని కాబట్టి అందరి మాటా నాకు తెలుసని గట్టి నమ్మకం. రూలు పక్కన పెట్టేశాను. ఆందోళన తీసేసి రంది పెట్టాను. ఉల్లాసం తీసేసి 'మనసు నిమ్మళంగ ఉంటున్నదా' అని అడిగాను. ఆడవాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకరు అత్త గురించి, ఒకరు నీళ్ల గురించి, ఒకరు తండాలో వదిలి వచ్చిన పెద్ద పిల్ల గురించి. నేను గంటలకొద్దీ విని, గడుల్లో టిక్కులు పెట్టి, సాయంత్రం బస్సులో నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని.

తొమ్మిది ప్రశ్నలకు మాటలు మార్చాను. పదోదానికి మాత్రం మార్చలేదు. 'మీకు మీరు హాని చేసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?' అన్నది పదో ప్రశ్న. దాని అసలు అర్థం చచ్చిపోవాలని ఉందా అని. ఆ మాట నా నోటికి రాలేదు. కడుపుతో ఉన్న మనిషి ముందు చావు మాట ఎత్తకూడదని మా అమ్మ నేర్పింది. మా పిన్ని కడుపుతో ఉన్నప్పుడు టీవీలో ఎవరో పోయిన వార్త వస్తే అమ్మ పరుగున వెళ్లి టీవీ కట్టేసింది. పైన తథాస్తు అనేవాళ్లు తిరుగుతుంటారట. ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ తథాస్తు మీద నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. కాబట్టి 'హాని' అన్న మర్యాదైన మాట వెనక దాక్కున్నాను. అది ఎవరికీ తగలని మాట, ఎవరికీ అర్థం కాని మాట. నాకు కావలసింది కూడా అదే.

అర్థం కాలేదని కూడా అనకూడదు. వాళ్లకు వేరే అర్థమైంది. అరగంట ముందు బీడీ కట్ట చూపించి పొగాకు హాని అని చదివింది నేనే కదా. హాని అంటే బీడీ అనుకున్నారు. "హాని ఎందుకు చేసుకోను మేడం, రోజుకు నాలుగు పడ్తయి," అని ఒకామె సిగ్గుపడుతూ చెప్పింది. "తగ్గిస్త, హాని తగ్గిస్త," అని ఇంకొకామె నా గడ్డం పట్టుకుంది. నేను నవ్వి, సున్నాకి టిక్కు పెట్టి, కాగితం మడిచేదాన్ని. ప్రశ్న అడిగినట్టే అయ్యేది, అడగనట్టే ఉండేది.

ముత్తంగిలో రింగు రోడ్డు పక్కన గోడౌన్ల వెనక వరసగా రేకుల గదులుంటాయి. అక్కడ ఆ అమ్మాయిని కలిశాను. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఏడో నెల. నారాయణఖేడ్ వైపు తండా నుంచి వచ్చింది. అట్టపెట్టెల మీద స్టిక్కర్లు అంటించే పని, రోజంతా నిలబడి. భర్త లారీ మీద పోయి రెండు నెలలైంది, ఫోన్ కలవడం లేదు. ఆశా అక్క ఆ రోజు వేరే ఇంట్లో టీకాల పనిలో ఉండిపోయింది. గదిలో మేమిద్దరమే.

బీడీ ఎప్పుడు మొదలుపెట్టావని అడిగితే ఆ అమ్మాయి కాసేపు చేతులు చూసుకుంది. "ఈడికొచ్చినంకనే. మొగోళ్లు బీడీకి పోతున్నమంటే సూపర్‌వైజర్ పది నిమిషాలు ఇడుస్తడు. కడుపు నొస్తున్నది, జెర కూసుంట అంటే ఇడువడు. గందుకే నేర్చిన. ఎనక గోడ కాడ కూసొని ఒకటి తాగితే, కాళ్లకు జెర నిమ్మళం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సూపర్‌వైజర్ ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో. ఎన్ని తాగుతావు అన్న ప్రశ్న కింద ఎందుకు తాగుతావు అన్న గడి ఒక్కటీ లేదు. రోజుకి ఐదు అంది, ఐదు అని రాశాను.

"ముందు కాన్పులు?" అని అడిగాను.

"ఒకటి. పోయినేడు. ఆడపిల్ల." ఆగింది. "పుట్టి ఏడ్వలే. బీడీలు తాగి నువ్వే సంపుకున్నవని అన్నరు."

"ఎవరన్నారు?"

"అందరు."

తర్వాత నేను చదవాల్సిన వాక్యం ఏదో మీకు తెలుసు. చదవకుండా వదిలేయొచ్చు. తొమ్మిది ప్రశ్నల్లో మాటలు మార్చిన మహాతల్లిని, ఆ ఒక్క వాక్యం మింగేయలేనా? కానీ మొదటి పేజీ చివర 'చదివి వినిపించితిని' అని సంతకం పెట్టాలి. చదివాను. పొగాకు మీకూ, కడుపులో బిడ్డకూ హాని చేస్తుంది. బొమ్మ కూడా చూపించాను. ఆ అమ్మాయి తల ఊపింది. అది తల్చుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాతి ప్రశ్నలకి ఒక్కో ముక్కే జవాబు. రంది ఉన్నదా అంటే "ఉన్నది". ఎక్కువనా, కొంచమా అంటే "ఉన్నది" అనే మళ్లీ. నేను కొంచెం అన్న గడిలో టిక్కు పెట్టాను. నిద్ర పడుతుందా అంటే "పడ్తది". తిండి సహిస్తుందా అంటే "తింట". మార్కులు మనసులో కూడుకుంటూనే ఉన్నాను. హద్దుకి కింద ఉంది. ఇక పదో ప్రశ్న.

"నీకు నువ్వు హాని చేసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"అనిపిస్తది."

పెన్ను ఆగింది. "ఎప్పుడు?"

"రోజు."

గది చిన్నది, పైన రేకు కాలిపోతోంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నాకు అర్థమైంది. ఇప్పుడు అబద్ధమాడి లాభం లేదు, ఆ క్షణం నాకు అర్థమైంది. వెంటనే నా నోరు దానంతటదే తేలికైన దారి వెతుక్కుంది.

"బీడీ సంగతేనా చెప్తున్నావు?" అని అడిగాను, నవ్వుతూ.

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నేను నవ్వుతూనే ఉన్నాను.

"గదే అనుకోండ్రి, మేడం," అంది.

సున్నాకి టిక్కు పెట్టాను.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, "మల్ల ఎప్పుడొస్తరు?" అని అడిగింది. కాన్పు అయ్యాక వస్తాను, అప్పుడు ఇంకో కాగితం ఉంటుంది అన్నాను. సరేనని తల ఊపి లోపలికి పోయింది.

ఆ వారం చివర మా పెద్ద సారు ఫోన్ చేశారు. మా పని చూసే ఆయన, శిక్షణ ఇచ్చిందీ ఆయనే. మిగిలినవాళ్ల కాగితాల నిండా 'సమాధానం లేదు' అనే ఉందట, నా కాగితాల్లో అన్ని గడులూ నిండాయట. "వాళ్ల భాష మీకు బాగా పట్టుబడిందమ్మా," అన్నారు. ఆ మాట ఇంట్లో అమ్మకి రెండుసార్లు చెప్పుకున్నాను.

ముత్తంగి వెళ్లొచ్చిన తొమ్మిదో రోజు రుద్రారంలో ఉన్నాను. కాలేజీ పిల్లల హాస్టల్లో చపాతీలు చేసే ఆమె. నాలుగో కాన్పు. వంటగది వెనక గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, చుట్ట ముట్టించి, అడుగు మేడం అంది. నోరున్న మనిషి. ప్రతి ప్రశ్నకీ ముందు నవ్వేది, తర్వాత చెప్పేది. పదో ప్రశ్న చదివాను.

చుట్ట నోట్లోంచి తీసి అడిగింది, "హాని అంటే ఏంది? గీ చుట్టనా? సచ్చుడా?"

నేను రూలు ప్రకారం ప్రశ్న మళ్లీ చదవబోయాను.

"సక్కగ అడుగు. నేను కడుపుతోటి ఉన్న, చెవుడు లేదు నాకు. నువ్వు అడిగితే నేను సస్తనా? లేదు, నాకు గట్ల అనిపియ్యలే. రాస్కో. మల్ల గట్ల అనిపించినోళ్లు గీ మాట ఇంటే నీకేం చెప్తరు? మావోళ్లు గిట్ల తిప్పి తిప్పి అడిగితే చెప్పరు. ఊకుంటరు."

రాసుకోలేదు. నా చేతిలో పెన్ను ఉందో లేదో కూడా తెలియలేదు. రేకుల గది, ఆ చూపు, గదే అనుకోండ్రి. సంచీ కూడా సరిగ్గా మూయకుండా రోడ్డు మీదికి పరుగెత్తాను. ముత్తంగి వైపు పోయే ఆటో దొరికింది. ఏడుగురి మధ్య ఇరుక్కుని కూర్చుని, ఏం కాదు, ఏం కాదు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. ఎండ దంచుతోంది. లారీల వెనక ఆటో ఆగినప్పుడల్లా డ్రైవర్ మీద అరిచాను. పాపం అతను "మేడం, ఎగిరిపోవాల్నా?" అన్నాడు.

గదికి తాళం వేసి ఉంది. పక్క గది ఆమె బియ్యం చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. "మొన్న పొద్దుగాల మేడం. పానం తీసుకుందామని సూసింది. దేవుని దయ, మేం సూసినం. దవాఖానల ఏసిండ్రు. ఆమె బతికింది." చేట కింద పెట్టింది. "కడుపుల పిల్ల బతకలే."

అక్కడే గోడకి చేరబడి పెద్ద సారుకి ఫోన్ చేసి, బీడీ మాటతో సహా జరిగిందంతా చెప్పాను. నా కాగితం ఒకటి తప్పు, పదో ప్రశ్నకి మూడు మార్కులు, వెంటనే మార్చండి అన్నాను. ఎందుకు మార్చాలంటున్నానో నాకే తెలియదు. ఆయన కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"జరిగింది బాధగానే ఉందమ్మా. కానీ చెప్పిన జవాబుని తర్వాత మనం మార్చకూడదు కదా. ఆమె ఆ రోజు బీడీ గురించే అంది అంటున్నారుగా?"

"ఆమె అనలేదు సార్," అన్నాను. "నేనన్నాను."

ఫోన్ పెట్టేసి పక్క గది ఆమె ముందే ఏడ్చాను. ఆమె నీళ్లిచ్చింది, ఏమైందని అడగలేదు.

దవాఖానలో ఆ అమ్మాయిని బాలింతల వార్డులోనే ఉంచారు. కాన్పు చేసి బిడ్డను తీశారు కాబట్టి అక్కడే ఉంచాలట. వార్డు నిండా పసిపిల్లల ఏడుపులు, పాల వాసన, చుట్టాల హడావిడి. చివరి మంచం మీద ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన తండా నుంచి వచ్చిన మేనత్త, కింద చాప మీద. ఇంకెవరూ లేరు. భర్తకి కబురు అందిందో లేదో మేనత్తకి తెలియదు.

నేను పిలిస్తే ఇటు తిరిగింది. గుర్తుపట్టింది. నవ్వడానికి కూడా ప్రయత్నించింది, నాకు మర్యాద చేస్తున్నట్టు. "కాన్పయినంక వస్తనంటిరి, వచ్చిండ్రు," అంది.

క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాను. మంచం దగ్గర నిలబడ్డాక ఆ మాట ఎంత పనికిమాలినదో తెలిసింది. నన్ను క్షమించే పని కూడా ఆ పిల్ల నెత్తినే పెడతానా? ఆ కళ్లు చూస్తే నాకు భయం వేసింది. మొన్న తప్పిందనుకున్న ప్రమాదం తప్పిపోలేదని, ఇంకా ఆ మంచం మీదే ఉందని నాకు అనిపించింది. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. ఒక్కరూ ఆ మాట ఎత్తడం లేదు. మేనత్త కూడా, మళ్లీ కడుపు పండుతుందిలే, ఏడ్వకు బిడ్డా అని మాత్రమే అంటోంది.

మంచం అంచున కూర్చున్నాను. గొంతులో మా అమ్మ అడ్డం పడింది. అయినా అడిగాను.

"చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా, చెల్లీ?"

పక్క మంచం దగ్గర మనవడిని ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ తలెత్తింది. "ఏం మాటలమ్మా అవి! పసిపోరగాళ్లు ఉన్న తావుల సావు మాటనా? సదువుకున్నదానివి, జెర బుద్ధి ఉండాలె. మంచి మాట మాట్లాడు, లేకుంటే బయటికి నడు." ఇటు పక్కనుంచి ఇంకొకామె కూడా అందుకుంది. మేనత్త లేచి నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది, లేపడానికే. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ రోజు రేకుల గదిలో అయితే నేను నవ్వి, లేచి పోయేదాన్నే.

ఆ అమ్మాయి మోచేయి మీద లేవబోయింది. లేవలేక పడిపోయింది. పడుకునే చెయ్యి ఎత్తి మేనత్త చేతిని నా భుజం మీంచి తీసేసింది.

"ఆమెను అడగనీయుండ్రి," అంది. గొంతు పెద్దగా లేదు గాని వార్డంతా విన్నది. "అనిపిస్తది అక్కా. ఇప్పుడు గూడ అనిపిస్తది."

డాక్టరమ్మను పిలుచుకు రమ్మని మేనత్తను పంపాను. పెద్దావిడ మనవడిని తీసుకుని అటు తిరిగి కూర్చుంది. నేను ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, చెప్పు అన్నాను.